కేసు కొట్టేశారంటే భూమి పోయినట్టు కాదు

(కొడకండ్లలో జరిగిన మండల రైతు సదస్సులో భూ సమస్యల మీద చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా కొద్దిగా సవరించి ఇస్తున్నాం.)



వడ్ల కొనుగోలు గురించి, యూరియా గురించి నాకంటే ముందు మాట్లాడిన మిత్రులు వివరంగానే చెప్పారు. నాకు అప్పజెప్పింది కోర్టుల్లో మన భూముల కేసుల సంగతి. నేను వకీలును కాదు. హైస్కూలు దాకా చదువుకున్న రైతును. అయితే రైతుల వెంట తహసీల్ ఆఫీసుకు, ఆర్డీవో ఆఫీసుకు, కోర్టుకు తిరిగీ తిరిగీ కొన్ని సంగతులు తెలిసినయి. తెలియనివి వకీళ్లను అడిగి తెలుసుకున్నాను. అవే మీ ముందు పెడుతున్నాను.

మన ఊళ్లల్లో తరచుగా వినే మాట ఒకటుంది. "ఫలానాయన కేసు కొట్టేసిండ్రట." ఆ మాట చెవిన పడగానే ఆ రైతు సగం చచ్చిపోతాడు. అవతలి పార్టీ ఆ ఉత్తర్వును జిరాక్సు తీయించి, "భూమి నాదేనని కోర్టే చెప్పింది" అని ఊరంతా చూపిస్తాడు. మధ్యవర్తులు కూడా "ఇంకేం చేస్తవ్ లే, ఇచ్చినంత తీసుకో" అని రాజీకి కూర్చోబెడతారు. ఇంతకీ ఆ కాగితంలో ఏముందని చదివిస్తే, భూమి ఎవరిదో ఒక్క ముక్క ఉండదు. గడువు దాటింది అని ఉంటుంది. వాయిదాకు రాలేదు అని ఉంటుంది. ఇది ఈ కోర్టులో వేయాల్సింది కాదు, ఇంకో కోర్టుకు పొమ్మని ఉంటుంది. అంటే పంచాయితీ విననే లేదు. గడప దగ్గర నుంచే పంపించేశారు.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే మాట. విని ఓడించడం వేరు, వినకుండా పంపించడం వేరు. వినకుండా పంపిస్తే చాలాసార్లు ఇంకో దారి మిగిలే ఉంటుంది. కానీ ఆ దారి కొన్నాళ్లే తెరిచి ఉంటుంది. ఓడిపోయామనుకుని ఇంట్లో కూర్చుంటే ఆ దారి మూసుకుపోతుంది. అప్పుడు భూమి నిజంగానే పోతుంది.

ముప్పై గుంటల లెక్క

ఒక లెక్క చెప్తాను. పేరు మల్లయ్య అనుకుందాం, ఊరు ఏదైనా అనుకోండి. ఇట్లాంటి మల్లయ్యలు ఈ సభలోనే పది మంది ఉంటారు.

2017 సెప్టెంబర్‌లో భూ రికార్డుల ప్రక్షాళన మొదలైంది. 2018లో కొత్త పాసుబుక్కులు ఇచ్చారు. మల్లయ్యకు పాత పుస్తకంలో 2 ఎకరాల 10 గుంటలు ఉంటే కొత్త పుస్తకంలో ఎకరం 20 గుంటలే వచ్చింది. 30 గుంటలు పక్క సర్వే నంబరు ఆసామి పుస్తకంలో ఎక్కింది. మల్లయ్య 2018 జూన్‌లో పుస్తకం చూసుకున్నాడు. తహసీల్ ఆఫీసుకు పోతే "సరిచేస్తం, ఆగు" అన్నారు. ఆగాడు.

2020 అక్టోబర్ 29న ధరణి వచ్చింది. ఆ తర్వాత రెండు రోజులకే, అక్టోబర్ 31న, రాష్ట్రంలో మొట్టమొదటి రైతు వేదికను అప్పటి ముఖ్యమంత్రి మన కొడకండ్లలోనే ప్రారంభించారు. మీలో చాలామంది ఆ సభకు పోయినవాళ్లే. రైతులు కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక భవనం వచ్చింది. అదే వారంలో రైతు మొర వినే వ్యవస్థ ఒకటి పోయింది. 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద తహసీల్దార్ చేసిన మార్పు మీద ఆర్డీవోకు అప్పీలు చేసుకునే వీలుండేది. దాని మీద జాయింట్ కలెక్టర్‌కు రివిజన్ ఉండేది. అక్కడ ఫైళ్లు ఏండ్లకేండ్లు నానిన మాట నిజమే. అయినా పోయి కూర్చోవడానికి ఒక గడప ఉండేది. 2020 చట్టం ఆ రెవెన్యూ కోర్టులను ఎత్తేసింది. అప్పటికి పెండింగులో ఉన్న సుమారు 16 వేల కేసులను జిల్లాకొకటి చొప్పున కలెక్టర్లతో పెట్టిన ప్రత్యేక ట్రిబ్యునళ్లకు పంపారు. అక్కడ రైతులను పిలవకుండానే కేసులు తేల్చేస్తున్నారని గొడవైతే, అడిగినవాళ్లకు స్వయంగా చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. మనిషిని పిలిచి వినండి అని చెప్పడానికి కూడా హైకోర్టే కావాల్సి వచ్చింది చూడండి.

మళ్లీ మల్లయ్య దగ్గరికి వద్దాం. తహసీల్ ఆఫీసులో "మా లాగిన్‌లో ఆప్షన్ లేదు" అన్నారు. మీసేవలో దరఖాస్తు పెట్టాడు. కొన్నాళ్లకు తిరస్కరించినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, ఎందుకో లేదు. హైకోర్టులో రిట్ వేశాడు. "ఇది సాక్ష్యాలు చూసి తేల్చాల్సిన తగాదా, రిట్‌లో తేలేది కాదు, సివిల్ కోర్టుకు పొమ్మని" అక్కడ చెప్పారు. ఇంటికొచ్చి, పత్తి అమ్మిన పైసలు కూడబెట్టి, 2023 ఆగస్టులో సివిల్ కోర్టులో దావా వేశాడు. అవతలి వకీలు లేచి, "ఈయనకు 2018 జూన్‌లోనే తెలుసు. హక్కు ప్రకటించమని అడిగే దావాకు గడువు మూడేండ్లు. ఎప్పుడో దాటింది" అన్నాడు.

కరోనా కాలం సంగతేందని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కలో కలపొద్దని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. ఆ లెక్క వేసి చూద్దాం. 2020 మార్చి నాటికి మల్లయ్యకు ఏడాది తొమ్మిది నెలలు గడిచినయి. ఇంకా ఏడాది మూడు నెలలు మిగిలినయి. 2022 మార్చి 1 నుంచి లెక్క మళ్లీ మొదలుపెడితే 2023 మే చివరికి అయిపోయింది. మల్లయ్య వచ్చింది ఆగస్టులో. రెండు మూడు నెలలు తప్పింది.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. హక్కు ఆధారంగా భూమి స్వాధీనం అడిగే దావాకు గడువు 12 ఏండ్లు. దావాలో ఏం అడిగారు, ఎట్లా రాశారు అన్నదాన్ని బట్టి గడువు మారుతుంది. కాబట్టి మూడేండ్లు దాటిందని ఎవరన్నా అంటే అదే ఆఖరు మాట అనుకోవద్దు. భూమి తెలిసిన వకీలుకు చూపించాలి.

ఇప్పుడు చెప్పండి, మల్లయ్య తిరగని ఆఫీసు ఏది? తహసీల్దార్ తనకు అధికారం లేదన్నాడు, చట్టం ప్రకారం నిజమే. హైకోర్టు సాక్ష్యాలు తీసుకోలేనన్నది, అదీ నిజమే. సివిల్ కోర్టు ముందు గడువు చట్టం ఉంది, అదీ ఉన్నదే. ఎవరి లెక్కలో వాళ్లు సరిగ్గానే ఉన్నారు. కానీ ఐదేండ్లు తిరిగినా ఆ 30 గుంటలు ఎవరివి అన్నది మాత్రం ఒక్కరూ చూడలేదు. పాత పహాణీ తెరవలేదు, సర్వేయర్ గొలుసు పట్టుకొని పొలం మీదికి రాలేదు. అన్యాయం ఉన్నది అక్కడ.

తొమ్మిది లక్షల దరఖాస్తులు

ఒక్క మల్లయ్యదైతే ఖర్మ అనుకోవచ్చు. సాదాబైనామాల సంగతి చూడండి. తెల్లకాగితం మీద రాసుకొని, పెద్దమనుషుల సంతకాలు పెట్టించి, పైసలిచ్చి భూమి కొన్నవాళ్లు మన ప్రాంతంలో ఇంటికొకరు ఉన్నారు. వాటిని క్రమబద్ధం చేస్తామని 2020 అక్టోబర్‌లో ప్రభుత్వం దరఖాస్తులు పిలిచింది. నవంబర్ 10 దాకా సుమారు తొమ్మిది లక్షల మంది పెట్టుకున్నారు.

మధ్యలో అక్టోబర్ 29న కొత్త చట్టం అమల్లోకి వచ్చి పాత చట్టం రద్దయింది. సాదాబైనామాలను క్రమబద్ధం చేసే సెక్షన్ పాత చట్టంలో ఉంది, కొత్త చట్టంలో పెట్టలేదు. చట్టమే లేనప్పుడు ఈ దరఖాస్తులను ఏ అధికారంతో చూస్తారని హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కోర్టు అడిగితే ప్రభుత్వం దగ్గర జవాబు లేదు. అక్టోబర్ 29 నాటికి వచ్చినవి సుమారు 2 లక్షల 26 వేలు, ఆ తర్వాత వచ్చినవి సుమారు 6 లక్షల 74 వేలు అని లెక్క మాత్రం చెప్పింది. తర్వాత వచ్చినవాటి జోలికి పోవద్దని నవంబర్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ముందొచ్చినవీ కదల్లేదు.

కోర్టు అడిగిన ప్రశ్న తప్పు కాదు. ఒక చేత్తో దరఖాస్తులు తీసుకుంటూ ఇంకో చేత్తో దాని చట్టాన్ని తీసేసిన ప్రభుత్వానిదే తప్పు. కానీ శిక్ష ఎవరికి పడింది? కొన్న రైతుకు. ఆ ఉత్తర్వు దాదాపు ఐదేండ్లు నడిచింది. 2025 భూభారతి చట్టంలో మళ్లీ సాదాబైనామా సెక్షన్ పెట్టిన తర్వాత, అదే ఏడు ఆగస్టులో హైకోర్టు ఆ వ్యాజ్యాన్ని ముగించింది. ఆ ఐదేండ్లలో అమ్మినాయన చనిపోయినవి ఉన్నయి, ఆయన కొడుకులు "మా నాయిన అమ్మలేదు" అని తిరగబడ్డవి ఉన్నయి, సాక్షి సంతకం పెట్టిన పెద్దమనిషి కాలం చేసినవి ఉన్నయి. పహాణీలో కాస్తు కాలమ్ తీసేసినందువల్ల దున్నుకుంటున్న రైతు పేరు ఏ కాగితంలోనూ లేకుండా పోయింది. కౌలుదారు సంగతైతే చెప్పనే అక్కర్లేదు. "నీ పేరు ఏడుంది? అడగడానికి నీకేం హక్కుంది?" అని మొదటి మాటతోనే పక్కకు పెడుతున్నారు.

ఆలస్యం అంటే ఉత్తగా కాలం గడవడం కాదు. సాక్ష్యం చచ్చిపోవడం. ఈ సంగతి అవతలి పార్టీకి తెలుసు. అందుకే అసలు సంగతి మాట్లాడకుండా ముందు గడువు గురించి, కోర్టు పరిధి గురించి మాట్లాడతాడు.

పెద్ద కోర్టులోనూ అంతే

ఇది మన జిల్లా గోస మాత్రమే కాదు. మూడు సాగు చట్టాల మీద ఢిల్లీ సరిహద్దుల్లో రైతులు ఏడాది కూర్చున్నారు. ఆ చట్టాలు రాజ్యాంగానికి లోబడి ఉన్నాయా, వ్యవసాయం, మార్కెట్లు రాష్ట్రాల జాబితాలో ఉంటే కేంద్రం చట్టం చేయొచ్చా అని సుప్రీంకోర్టులో పిటిషన్లు వేశారు. 2021 జనవరి 12న కోర్టు చట్టాల అమలు ఆపింది, ఒక కమిటీ వేసింది. అసలు ప్రశ్నకు మాత్రం తీర్పు రాలేదు. నవంబర్ 19న ప్రధాని చట్టాలు వెనక్కు తీసుకుంటామని ప్రకటించారు, ఆ నెలాఖరుకు పార్లమెంటు రద్దు చేసింది. రైతులు గెలిచారు, గెలిచింది రోడ్డు మీద. చట్టం తప్పా ఒప్పా అన్నది తేలలేదు కాబట్టి రేపు ఇంకో పేరుతో అదే చట్టం వస్తే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అసలు విషయం తేల్చకపోతే వచ్చే నష్టం అది.

తేలిస్తే ఏమవుతుందో కూడా మన దగ్గరే ఉంది. అసైన్డ్ భూమిని ప్రభుత్వం ప్రజావసరానికి వెనక్కు తీసుకుంటే, పట్టా భూమికి ఇచ్చినట్టే పరిహారం ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న మీద చేవెళ్ల ఆర్డీవో కేసులో 2004లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం కూర్చుని విని, ఇవ్వాల్సిందేనని చెప్పింది. ఒక్క కేసు లోతుగా విన్నందుకు రెండు రాష్ట్రాల్లో దళితులకు, పేదలకు ఇరవై ఏండ్లుగా అది అక్కరకు వస్తున్నది. ఆ కేసునూ గడప దగ్గరే ఆపి ఉంటే?

ఇంకో కేసు చెప్తాను. హిమాచల్ ప్రదేశ్‌లో చదువురాని ఒక ముసలామె భూమిని 1967-68లో రోడ్డు కోసం తీసుకున్నారు. భూసేకరణ నోటీసు లేదు, రూపాయి పరిహారం లేదు. ఆమెకు కోర్టు సంగతి తెలియదు. పక్క రైతులు కోర్టుకు పోయి పరిహారం తెచ్చుకున్నారని తెలిసి 2010లో పిటిషన్ వేసింది. ప్రభుత్వం ఏమన్నదో తెలుసా? ఇంతకాలం మా ఆధీనంలో ఉంది కాబట్టి భూమి మాదే అయిపోయింది, పైగా ఆలస్యంగా వచ్చింది అన్నది. 2013లో అక్కడి హైకోర్టు, వివాదం ఉంది కాబట్టి సివిల్ దావా వేసుకొమ్మని పంపించింది. ఆమె ఊరుకోలేదు. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ప్రజల భూమిని ఆక్రమించుకొని అది నాదే అనే హక్కు ప్రభుత్వానికి లేదని, ఆలస్యం పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదని, పరిహారం కట్టాల్సిందేనని చెప్పింది. అప్పటికి ఆమెకు దాదాపు ఎనభై ఏండ్లు. సివిల్ దావా వేసుకోమన్న రోజు ఆమె "కేసు కొట్టేసిండ్రు" అనుకొని ఇంటికి పోయి ఉంటే ఆ పరిహారం వచ్చేది కాదు.

గడువు చట్టం అసలే వద్దా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. అయితే గడువులు, నియమాలు ఏవీ వద్దంటావా అని. అట్లా అనను. గడువు అనేదే లేకపోతే అరవై ఏండ్ల కింద మన తాతలు దొరలతో కొట్లాడి దున్నుకున్న భూముల మీద ఆ వారసులు రేపు వచ్చి కేసులు వేస్తారు. మన పక్కనే పాలకుర్తిలో ఐలమ్మ కౌలు భూమి కోసం, పండించిన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడిన గడ్డ ఇది. ఇక్కడ పాత లెక్కలు తిరగదోడాలని చూసేవాళ్లు తక్కువ లేరు. గడువు చట్టం అట్లాంటివాళ్ల నుంచి మనల్ని కూడా కాపాడుతుంది. వాయిదాకు రావాలి, సరైన కోర్టులో వేయాలి, అవతలివాళ్లకు నోటీసు ఇవ్వాలి. ఇవన్నీ ఉండాల్సినవే.

మనం అడిగేది వేరు. నియమం ఉన్నది న్యాయం సాఫీగా నడవడానికి. గట్టు నీళ్లు మడికి పారడానికి ఉండాలె గానీ మడిని ఎండబెట్టడానికి కాదు. ఈ మాట సుప్రీంకోర్టే 1987లో చెప్పింది. ఆలస్యాన్ని మన్నించకపోతే బలమున్న కేసు కూడా గడపలోనే చచ్చిపోతుంది, మన్నిస్తే మహా అయితే రెండు పక్షాలనూ విని తీర్పు ఇవ్వాల్సి వస్తుంది, అంతే కదా అన్నది. ఆ కేసులో ఆలస్యం మన్నించమని వచ్చింది ఎవరో వింటే నవ్వొస్తది. జమ్మూ కశ్మీర్‌లో భూసేకరణ కలెక్టరు. రైతుకు పెంచిన పరిహారం మీద ప్రభుత్వం నాలుగు రోజులు ఆలస్యంగా అప్పీలు చేసింది. ఆ నాలుగు రోజులు మన్నించమని అడిగింది. కోర్టు మన్నించింది. ప్రభుత్వానికి దొరికిన ఆ మన్నింపు మల్లయ్యకూ దొరకాలని అడగడంలో తప్పేముంది?

కాగితం ఎట్లా చదవాలె

ఇక పనికొచ్చే సంగతి. కేసు కొట్టేశారని తెలిసిన రోజు చేయాల్సిన మొదటి పని ఏడవడం కాదు, ఉత్తర్వు నకలుకు దరఖాస్తు పెట్టడం. నకలు తయారవడానికి పట్టిన రోజులను అప్పీలు గడువులోంచి తీసేస్తారు. కానీ దరఖాస్తు పెడితేనే. నకలు వచ్చాక ఎందుకు కొట్టేశారో ఆ ఒక్క వాక్యం వెతికి చదివించుకోండి. దాన్ని బట్టి దారి ఉంటుంది.

వాయిదాకు మీరు గానీ మీ వకీలు గానీ రాలేదని కొట్టేస్తే, ముప్పై రోజుల్లో తిరిగి తెరిపించమని దరఖాస్తు పెట్టాలి. రాకపోవడానికి కారణం చూపించాలి. ఆస్పత్రి చీటీ ఉంటే జతచేయాలి. ఇది అన్నిటికంటే ప్రమాదమైనది. ఎందుకంటే తెరిపించుకోకుండా అదే విషయం మీద కొత్త దావా వేస్తానంటే చట్టం ఒప్పుకోదు.

ఈ కోర్టు పరిధిలోది కాదని పంపిస్తే, సరైన కోర్టులో వేయాలి. తప్పు కోర్టులో నిజాయితీగా తిరిగిన కాలాన్ని గడువులోంచి తీసేయమని అడగడానికి గడువు చట్టంలో 14వ సెక్షన్ ఉంది. అయితే అది కోర్టులో నడిచిన కేసుకు వర్తించేది. ఆఫీసుల్లో, మీసేవలో పెట్టుకున్న అర్జీల కాలం కూడా దాంట్లో వస్తుందని నమ్ముకొని కూర్చోవద్దు. అర్జీ ఒక పక్క నడుస్తున్నా గడువు గడియారం ఇంకో పక్క తిరుగుతూనే ఉంటుంది.

అప్పీలు ఆలస్యమైందని కొట్టేస్తే కింది తీర్పే నిలబడుతుంది. కాబట్టి ఆ ఉత్తర్వు మీద పై కోర్టుకు పోవాలి. అప్పీలు ఆలస్యాన్ని మన్నించమని అడగడానికి 5వ సెక్షన్ ఉంది. కొత్తగా వేసే దావాకు ఆ మన్నింపు లేదు. ఈ తేడా చాలామందికి తెలియదు.

రిట్‌లో "వేరే దారి ఉంది, అక్కడికి పో" అంటే, ఆ ఉత్తర్వు కాపీ జతచేసి ఆ అధికారి దగ్గర వెంటనే దరఖాస్తు పెట్టాలి. ఇన్ని వారాల్లో తేల్చమని కోర్టు గడువు పెట్టిందేమో చూసుకోండి. పెడితే అది మీ చేతిలో కర్ర.

కాగితం సరిగా లేదని, కోర్టు ఫీజు తక్కువైందని దావాను తిరస్కరిస్తే, గడువు మిగిలి ఉంటే మళ్లీ సరిగా వేసుకోవచ్చు. కానీ కేసు మీరే వెనక్కు తీసుకుంటే మాత్రం, మళ్లీ వేసుకోవడానికి కోర్టు అనుమతి రాయించుకోకుండా తీసుకోవద్దు. రాజీ మాటలు నమ్మి ఉత్తగా వాపసు తీసుకున్నవాళ్లకు మళ్లీ వేసే హక్కు పోతుంది.

ఇంకో మాట. ప్రభుత్వం మీద సివిల్ దావా వేసే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అత్యవసరమైతే కోర్టు అనుమతితో నోటీసు లేకుండా వేయొచ్చు. ఈ ఒక్క నోటీసు లేక కూలిపోయిన కేసులున్నయి.

మనం చేయాల్సింది, అడగాల్సింది

ఊరి కమిటీలకు నా మనవి. ప్రతి ఊళ్లో ఒక రిజిస్టర్ పెట్టండి. ఎవరి కేసు ఏ కోర్టులో ఉంది, నంబరెంత, వాయిదా ఎప్పుడు, ఉత్తర్వు వస్తే ఏ తారీఖున వచ్చింది, గడువు ఎప్పటిదాకా అని రాయండి. కోర్టు కేసులకు 16 అక్షరాల సీఎన్ఆర్ నంబరు ఉంటుంది. ఆ నంబరు ఉంటే చదువుకున్న పిల్లలు ఫోన్‌లో వాయిదా చూసి చెప్తారు. వకీలు గుమస్తా ఫోన్ ఎత్తలేదన్న బాధ తప్పుతుంది. పాత పహాణీలు, శిస్తు రసీదులు, పాత పాసుబుక్కులు నకళ్లు తీసి దాచండి. మన జనగామ జిల్లా 2016 అక్టోబర్‌లో ఏర్పడింది. అంతకు ముందు ఫైలు జనగామలో దొరకకపోతే వరంగల్‌లోనూ అడిగి చూడాలి.

వకీలుకు పైసలు లేవని ఆగవద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండానే ఇస్తారు. 15100 నంబరుకు ఫోన్ చేసి అడగొచ్చు. భూమి పేరు మీద ఉన్న అక్కలు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి అమల్లోకి వచ్చింది. అప్పీళ్లు మళ్లీ వచ్చినయి, పైన ట్రిబ్యునల్ అన్నారు. జూన్‌లో ఊరూరా రెవెన్యూ సదస్సులు పెట్టి లక్షల అర్జీలు తీసుకున్నారు. మూసిన గడప మళ్లీ తెరిచినందుకు సంతోషమే. కానీ గడప తెరవడం ఒకటి, లోపల కూర్చోబెట్టి వినడం ఇంకొకటి. అందుకే ఈ సదస్సు నుంచి మనం ప్రభుత్వాన్ని కొన్ని అడగాలి.

అర్జీ తిరస్కరిస్తే ఎందుకో కారణం తెలుగులో రాసి ఇవ్వాలి. దాని మీద ఎక్కడికి పోవాలో, ఎన్ని రోజుల్లో పోవాలో అదే కాగితం కింద రాయాలి. తప్పు ఆఫీసులో పెట్టిన అర్జీని తిప్పి రైతు చేతిలో పెట్టకుండా సరైన ఆఫీసుకు వాళ్లే పంపాలి. ధరణి కాలంలో అప్పీలు లేక రైతులు పోగొట్టుకున్న ఏండ్లను గడువులోంచి మినహాయించే చట్టం తేవాలి. కరోనా కాలానికి మినహాయింపు ఇవ్వగలిగినప్పుడు, ప్రభుత్వం తానే దారి మూసిన కాలానికి ఎందుకు ఇవ్వకూడదు? భూసేకరణ పరిహారం కేసుల్లో, రికార్డు తప్పుల కేసుల్లో సర్కారు వకీళ్లు గడువు దాటిందన్న వాదన ఎత్తకూడదు. భూమి తీసుకున్నది, తప్పు రాసింది తానే అయినప్పుడు, ఆలస్యంగా అడిగావని రైతును అనే మొహం ప్రభుత్వానికి ఉండకూడదు. ఏ అధికారి అయినా, ఏ ట్రిబ్యునల్ అయినా సర్వేయర్‌ను పొలం మీదికి పంపకుండా, పాత రికార్డు తెరవకుండా ఫైలు మూయకూడదు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడని పెద్దల సామెత. అది ఖర్చు గురించి చెప్పిన మాట. మన రైతులది అంతకంటే హీనంగా ఉంది. గెలవనూ లేదు, ఓడనూ లేదు, పైసలు అయిపోయినయి, తగాదా అట్లనే ఉంది. ఇది ఒక్కొక్కరం విడివిడిగా తిరిగితే తీరేది కాదు. ఒక ఊళ్లో ఇరవై మందికి ఒకే రకం తప్పు జరిగితే ఇరవై మంది కలిసి ఒకే రోజు ఒకే అధికారి ముందు కూర్చుంటే ఆ ఫైలు కదులుతుంది. మనం ఇంతకుముందు చూసినదే.

వచ్చే నెల సమావేశానికి ప్రతి ఊరి కమిటీ ఆ రిజిస్టర్ రాసి తీసుకురావాలి. అందులో "కొట్టేశారు" అని ఉన్న ప్రతి కేసు పక్కన ఎందుకు కొట్టేశారో, ఇంకెన్ని రోజులు మిగిలినయో రాసి ఉండాలి. గడువు దగ్గర పడినవాటిని ముందు వకీలుకు చూపిద్దాం. మిగతావాటి సంగతి ఆ సమావేశంలోనే తేల్చుకుందాం.